ఒక పెట్టెలో డజను పెరూ బంగారు కాయిన్స్: ఏది బంగారం, ఏది కలెక్షన్ (కేస్ స్టడీ)

ఈ కేసు క్లయింట్ ఓకే అన్నాకే రాస్తున్నా. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి టెక్సాస్ లో ఉండే మన తెలుగు డాక్టర్ గారు అనుకోండి చాలు. నా పని ఏంటంటే లాటిన్ అమెరికా బంగారు కాయిన్స్ చూసి, అసలుదా కాదా, ఏ టంకశాలలో కొట్టింది, ఏ కండిషన్లో ఉంది, ఎంత వరకు పలుకుతుంది అని ఒక్కోదానికీ రాసిచ్చేది. అమ్మిపెట్టడం, కొనిపెట్టడం కూడా అప్పుడప్పుడూ చేస్తా కానీ ఎక్కువగా ఈ చూసి రాసే పనే.

డాక్టర్ గారు ఒక ఎస్టేట్ వేలంలో ఈ పెట్టె కొన్నారు. చనిపోయిన పెద్దాయన మైనింగ్ ఇంజినీరట, 1950ల్లో 60ల్లో పెరూలో సెర్రో డి పాస్కో వైపు గనుల్లో పనిచేశాడని వేలం వాళ్ళు చెప్పారు. మొత్తం 12 కాయిన్స్, అన్నిటినీ కలిపి లాట్ గా, దాదాపు బంగారం రేటుకే వచ్చాయి. ఆయనకి ఇంతకుముందు కాయిన్స్ పిచ్చి లేదు, బంగారం తెలుసు అంతే, మన ఇళ్ళల్లో బంగారం తెలియనిదెవరికి. పెట్టెతో పాటు ఒక కాగితం కూడా పట్టుకొచ్చారు, దాని మీద ఆయనే ర్యాంకులు వేసేసుకున్నారు. పైన 1711 నాటి వంకరటింకర ముక్క, తర్వాత 1797, తర్వాత 1837, అట్టడుగున 1958, 1962, 1964 అని ఉన్న మూడు పెద్ద బిళ్ళలు.

"పాతవి ఉంచుకుని ఈ కొత్తవి మూడూ బంగారం షాపుకి ఇచ్చేద్దామండి, పెద్దవి కదా బాగా వస్తాయి" అన్నారు.

"ఇచ్చేద్దాం లెండి సార్, ముందు ఒకసారి అన్నీ చూడనివ్వండి" అన్నా.

పెట్టెలో ఏమేం ఉన్నాయో ముందు చెప్తా. లీమా టంకశాల 8 ఎస్కూడోల (ఎస్కూడో అంటే స్పెయిన్ రాజుల కాలపు బంగారు నాణెం) కాబ్, అంటే సుత్తితో కొట్టిన వంకర కాయిన్, ఒకటి, 1711. నాలుగో కార్లోస్ రాజు బొమ్మతో 8 ఎస్కూడోలు ఒకటి, లీమా 1797. దక్షిణ పెరూ పేరుతో కూస్కో 8 ఎస్కూడోలు ఒకటి, 1837. లిబ్రాలు (పెరూ పౌండు కాయిన్స్) అయిదు, అందులో ఒకటి 1898, ఒకటి 1917, మిగతా మూడూ 1966. ఇన్కా తల ఉన్న 50 సోలెస్ (సోల్ అంటే పెరూ కరెన్సీ) ఒకటి, 1931. కూర్చున్న స్వేచ్ఛాదేవి ఉన్న 100 సోలెస్ మూడు. పేపర్లు సున్నా. 1933 నుంచి 1974 ఆఖరు దాకా అమెరికన్లు బంగారం దాచుకోవడం మీద ఆంక్షలు ఉండేవి, పాత కాయిన్స్ కలెక్ట్ చేసేవాళ్ళకి మినహాయింపు ఉండేది కానీ 1960ల్లో కొట్టిన బిళ్ళలు తెచ్చుకోవడం అంత సింపుల్ కాదు, అందుకే ఆ పెద్దాయన ఒక్క బిల్లు కూడా దాచుకోలేదేమో అని నా అనుమానం.

నేను ఏ లాట్ వచ్చినా ఒక్కో కాయిన్ కి రెండు ఖాతాలు రాస్తా. మొదటిది అందులో నికరంగా ఉన్న బంగారం విలువ, రెండోది దాని మీద మార్కెట్ ఎంత ఎక్కువ ఇస్తుందో అది, అంటే ప్రీమియం. మొదటి ఖాతా ప్రపంచం మొత్తానికి ఒకటే రేటు, ఎవరినడిగినా చెప్తారు. రెండోది ఎవరు కొంటారు అన్నదాని మీద ఆధారపడుతుంది. నగ కొన్నప్పుడు తరుగు, మజూరీ కడతాం కదా, అమ్మేటప్పుడు అవి ఒక్క రూపాయి కూడా వెనక్కి రావు. కాయిన్ ప్రీమియం కూడా అలా మొత్తం పోవచ్చు, లేదా రెట్టింపై రావచ్చు, మనం రిస్క్ తీసుకునేది ఆ రెండో ఖాతాలోనే. డాక్టర్ గారి కాగితం మీద ర్యాంకులు దాదాపు అన్నీ తప్పడానికి కారణం ఆయన వయసునే ప్రీమియం అనుకోవడం.

ముందు తూకం

లెక్క తేలిగ్గా ఉండటానికి ఔన్సు (31.1 గ్రాములు) బంగారం 3000 డాలర్లు అనుకుందాం, మీరు చదివేటప్పుడు ఎంతుంటే అంత వేసుకోండి. లిబ్రా 7.988 గ్రాములు, 22 క్యారెట్లు, నికర బంగారం 0.2354 ఔన్సు, అంటే సుమారు 706 డాలర్లు. 50 సోలెస్ ఇన్కా 33.436 గ్రాములు, 900 ప్యూరిటీ (వెయ్యి పాళ్ళల్లో 900 బంగారం), 0.9675 ఔన్సు, 2900 పైన. 100 సోలెస్ అయితే 46.807 గ్రాములు, అదీ 900 ప్యూరిటీయే, 1.3544 ఔన్సు, అంటే 4060 పైచిలుకు. చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది, అరచెయ్యి సగం నిండిపోతుంది.

8 ఎస్కూడోల దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. స్పెయిన్ రాజుల కాలంలో ఈ కాయిన్ బరువు ఎప్పుడూ 27 గ్రాములే, 27.07 దాకా. కానీ లోపల బంగారం మాత్రం తగ్గుతూ వచ్చింది. మొదట్లో 22 క్యారెట్లు, అంటే 917. 1772లో మూడో కార్లోస్ రాజు దాన్ని 901కి దించాడు, 1786లో మళ్ళీ 875కి దించాడు, అదీ గుట్టుగా, బయటకి చెప్పకుండా టంకశాలలకి రహస్య ఆర్డర్ ఇచ్చి. బయటి జనానికి కాయిన్ అదే సైజు, అదే బరువు, అదే రాజు ముక్కు. 917కీ 875కీ తేడా ఒక కాయిన్ కి 1.1 గ్రాము బంగారం పైనే. ఇప్పటికీ కొన్ని షాపుల్లో ఎస్కూడో అంటే 22 క్యారెట్ అని ఒకే లెక్క కట్టేస్తారు, కొనేవాడు మీరైతే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

కాబట్టి ఈ కాయిన్స్ కి తూకం ఒక్కటే సరిపోదు, డెన్సిటీ చూడాలి. చాలామంది అడుగుతారు క్యారెట్ మీటర్ లో పెడితే అయిపోదా అని. ఆ మెషిన్ పై పొర చూస్తుంది, లోపలేముందో దానికి తెలీదు. నేను చేసేది పాత పద్ధతే, 0.01 గ్రాము చూపించే త్రాసు, గ్లాసు నీళ్ళు, సన్నటి దారం. నీళ్ళల్లో ఒక్క చుక్క డిష్ సోప్ వెయ్యాలి, లేకపోతే బుడగలు అంటుకుని లెక్క చెడగొడతాయి. కాయిన్ ని గాల్లో తూచాలి, తర్వాత దారంతో నీళ్ళల్లో వేలాడదీసి తూచాలి, గాల్లో బరువుని ఆ తగ్గిన బరువుతో భాగిస్తే డెన్సిటీ వస్తుంది. 22 క్యారెట్ కి 17.6 నుంచి 18 దాకా రావాలి, 900కి 17.2 అటూఇటూ, 875కి 16.9 నుంచి 17.5 దాకా, కలిపింది రాగా వెండా అన్నదాన్ని బట్టి.

1711 కాబ్ 26.98 గ్రాములు తూగింది, నీళ్ళల్లో 1.53 తగ్గింది, 17.63, అంటే సరిపోయింది. 1797ది 26.71, తగ్గింది 1.57, 17.0 వచ్చింది, 875 కాయిన్ కి అదీ ఓకే. 100 సోలెస్ మూడూ 17.2 దగ్గరే. లిబ్రాలకి మాత్రం ఈ టెస్టు వీక్, ఎందుకంటే తగ్గేది 0.45 గ్రామే, త్రాసు 0.01 అటూఇటూ అయినా డెన్సిటీ 17.3 నుంచి 18.1 దాకా ఊగిపోతుంది, చిన్న కాయిన్స్ కి సైజు, మందం, అచ్చు చూసుకోవడమే మేలు.

ఇంక 1837 దక్షిణ పెరూ. బరువు 27.03, పర్ఫెక్ట్. నీళ్ళల్లో 1.75 తగ్గింది. 15.4! రెండుసార్లు మళ్ళీ తూచా, అదే.

1837 కథ

డాక్టర్ గారికి బాగా నచ్చింది ఇదే, దాని హిస్టరీ చదివేసుకుని వచ్చారు కూడా. నిజంగా మంచి హిస్టరీయే. ఆంద్రేస్ డి సాంతా క్రూజ్ అని బొలీవియా పాలకుడు, 1836లో పెరూని ఉత్తరం దక్షిణం రెండు రాజ్యాలుగా చేసి, బొలీవియాతో కలిపి ఒక కాన్ఫెడరేషన్ కట్టాడు. ఉత్తరానికి లీమా టంకశాల, దక్షిణానికి కూస్కో టంకశాల, రెండు చోట్లా ఆ కొత్త రాజ్యాల పేరుతో కాయిన్స్ కొట్టారు. చిలీకి ఇది నచ్చలా, యుద్ధానికొచ్చింది, 1839 జనవరిలో యుంగాయ్ దగ్గర సాంతా క్రూజ్ ఓడిపోయాడు, కాన్ఫెడరేషన్ ఖతం. మూడేళ్ళ దేశం అన్నమాట. అందుకే ఆ పేరున్న బంగారు కాయిన్స్ కి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, గిరాకీ ఉన్నచోట కాపీలు కూడా ఉంటాయి.

ఈయన దగ్గరున్నది 18 క్యారెట్ దరిదాపుల బంగారంతో చేసిన కాపీ. పోత పోసింది, అచ్చు కొట్టింది కాదు. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే సూర్యుడి ముఖం మెత్తగా, సబ్బు బిళ్ళ సగం అరిగినట్టు ఉంది, అక్షరాల మూలల్లో సన్నటి గుంటలు, అంచు మీద ఒకచోట అతుకు గీతని ఆకురాయితో రుద్దేసిన గుర్తులు. బరువు ఎలా కరెక్టుగా వచ్చింది అంటారా, మందం పెంచాడు. అసలు దానికన్నా కొంచెం లావుగా ఉంది. ఎవడో కంసాలి తూకం మ్యాచ్ చెయ్యడానికి బుర్ర పెట్టాడు, నీళ్ళ గ్లాసు సంగతి ఆలోచించలేదు. మోసానికే చేశాడో, గొలుసుకి లాకెట్ గా ఎవరో అడిగి చేయించుకున్నారో ఇప్పుడు చెప్పలేం.

డాక్టర్ గారు కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత "బంగారమైతే బంగారమే కదండీ" అన్నారు. అవును, మొదటి ఖాతా ఉంది, 18 క్యారెట్ లెక్కన. రెండో ఖాతా సున్నా. అమ్మితే కాపీ అని చెప్పి అమ్మాలి, లేదా కరిగించాలి, అసలు వాటి మధ్యలో పెట్టి దాచొద్దు, రేపు పిల్లలు తెలియక అసలుదనుకుని ఎవరికైనా అమ్మితే గొడవ.

1711 మీద చెప్పిన ఓడ కథ

లీమా టంకశాల పెట్టమని స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఆర్డర్ ఇచ్చింది 1565లో, పని మొదలైంది 1568లో. మధ్యలో ఎన్నో ఏళ్ళు మూతపడి, 1684లో మళ్ళీ తెరిచి, 1696 నుంచి రెగ్యులర్ గా బంగారం కొట్టడం మొదలుపెట్టారు. మెషిన్ అచ్చు 1751కి వచ్చింది. ఆ మధ్య కాలంలో కొట్టినవే కాబ్స్, స్పానిష్ లో మకుకినా అంటారు. బంగారపు కడ్డీ నుంచి ముక్క నరికి, బరువు సరిపోయేదాకా అంచులు కత్తిరించి, సుత్తితో అచ్చు కొట్టేవాళ్ళు. అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక పక్క శిలువ, దాని నాలుగు గదుల్లో కోటలు, సింహాలు. రెండో పక్క సముద్రపు అలల మీద రెండు స్తంభాలు, వాటి మధ్య మూడు వరసలు. పైన ఎల్, 8, ఎం. మధ్యలో పీ, వీ, ఏ, అంటే స్పెయిన్ నినాదం "ప్లస్ అల్ట్రా"కి పొట్టి రూపం. కింద 711. ఎల్ అంటే లీమా, ఎం అంటే ఆ ఏడాది ప్యూరిటీకి బాధ్యుడైన పరీక్షకుడి అక్షరం. సంవత్సరానికి ముందు ఒకటి వెయ్యరు, మూడు అంకెలే. కొత్తవాళ్ళు ఇది చూసి 711లో పెరూలో బంగారం కొట్టారా అని అడుగుతారు, నవ్వొస్తుంది కానీ నవ్వను.

ఈ కాబ్ మీద మూడు వరసలూ చదవడానికి వస్తున్నాయి, శిలువ మధ్యలో పడింది, చుట్టూ రాజు పేరు మాత్రం సగమే వచ్చింది. సగం పేరు కాబ్ కి మామూలే. ముఖ్యం ఏంటంటే డేట్, టంకశాల, పరీక్షకుడు మూడూ ఉన్నాయి. కాబ్ లో డబ్బు అక్కడే ఉంటుంది.

వేలం వాళ్ళు దీన్ని "1715 ఓడలది" అని చెప్పారట. 1715 జులై ఆఖర్లో హవానా నుంచి స్పెయిన్ కి బయల్దేరిన స్పానిష్ నౌకలు ఫ్లోరిడా తూర్పు తీరంలో తుఫానులో మునిగిపోయాయి, 11 ఓడలు పోయాయి, ఒక్క ఫ్రెంచి ఓడ బయటపడింది. లీమా బంగారం పనామా మీదుగా కరీబియన్ కి వచ్చి ఆ ఓడల్లోకి ఎక్కింది. 1960ల్లో డైవర్లు అక్కడ పెద్ద ఎత్తున కాయిన్స్ తియ్యడం మొదలుపెట్టారు, ఇప్పటికీ తీస్తున్నారు, అందులో ఫ్లోరిడా రాష్ట్రానికి వాటా ఉంటుంది. 1711 డేటు ఆ కథకి చక్కగా సరిపోతుంది. ఇక్కడే జాగ్రత్త. వెండి కాయిన్ సముద్రంలో ఉంటే నల్లబడి తినేసినట్టవుతుంది, చూస్తే తెలుస్తుంది. బంగారానికి అలాంటిదేం ఉండదు, మూడొందల ఏళ్ళు ఉప్పు నీళ్ళల్లో ఉన్నదీ, లీమాలో ఎవరింట్లోనో కుండలో ఉన్నదీ పక్కపక్కన పెడితే తేడా చెప్పలేం. కాబట్టి ఓడ అనేది కాయిన్ మీద కనపడదు, కాగితం మీదే కనపడుతుంది. తీసిన కంపెనీ సర్టిఫికెట్, పాత వేలం కేటలాగ్ లో ఫోటో, ఏదో ఒకటి కావాలి. కాబ్ ఆకారం వేలిముద్ర లాంటిదే కాబట్టి పాత ఫోటో దొరికితే మ్యాచ్ చెయ్యడం ఈజీ, నేను వెతికినంతలో దొరకలా. రిపోర్టులో లీమా 1711 అసలుది అని రాశా, ఓడ మాట రాయలా. అది లేకపోయినా బంగారం విలువకి కొన్ని రెట్లు పలికే కాయినే ఇది, డాక్టర్ గారు ర్యాంకుల్లో దీన్ని పైన పెట్టడం ఒక్కటీ కరెక్టు.

1797 గురించి ఎక్కువ లేదు. నాలుగో కార్లోస్ 8 ఎస్కూడోలు మార్కెట్లో తేలిగ్గా దొరికే టైపు. దీనికి పన్నెండు గంటల పొజిషన్లో అంచు చదునుగా ఉంది, అక్కడ మెటల్ రంగు వేరు, అంటే ఒకప్పుడు కొక్కెం అతికించి మెళ్ళో వేసుకున్నారు, తర్వాత ఊడదీశారు. గ్రేడింగ్ కంపెనీకి (కాయిన్ అసలుదా కాదా చూసి కండిషన్ కి నంబర్ ఇచ్చేవాళ్ళు) పంపితే దీనికి నంబర్ ఇవ్వరు, మౌంట్ తీసేసినట్టు రాసి ఇస్తారు. రెండొందల ఏళ్ళు దాటిన వయసు, ప్రీమియం మాత్రం బహు కొంచెం. ఆయనకి ఇది మింగుడు పడలా, "రాజుగారి బొమ్మ అండి" అని రెండు మూడు సార్లు అన్నారు.

అట్టడుగు బిళ్ళ

ఇప్పుడు ఆయన షాపుకిచ్చేద్దామన్న మూడు. 100 సోలెస్ ఈ టైపు 1950 నుంచి 1970 దాకా కొట్టారు. ఇవి బజార్లో ఖర్చుపెట్టడానికి కావు, పెరూ ఎప్పుడో 1932లోనే గోల్డ్ స్టాండర్డ్ (కరెన్సీని బంగారానికి ముడిపెట్టే పద్ధతి) వదిలేసింది. దాచుకునేవాళ్ళ కోసం కొట్టినవి, అందుకే ఏడాదికీ ఏడాదికీ సంఖ్య దారుణంగా ఊగుతుంది. కేటలాగుల్లో 1965కి 23,000 అని ఉంటుంది, 1964కి 11,000, 1962కి 9,678. 1957కి 550. 1958కి 101.

నూట ఒకటి. అదే ఈ పెట్టెలో ఉన్నది.

చూడగానే నేను ఎగిరి గంతెయ్యలా, ఇలాంటప్పుడు మొదట అనుమానం రావాలి. అరుదైన డేటు అంటే అంకె మార్చేవాళ్ళు ఉంటారు, 1953లో ఉన్న 3ని 8 చెయ్యడం కష్టమేం కాదు. మైక్రోస్కోప్ కింద ఆఖరి అంకె చుట్టూ చూశా. అచ్చు పడ్డప్పుడు మెటల్ బయటికి జరిగిన సన్నటి గీతలు ఉంటాయి, ఆ గీతల మెరుపు అంకె పక్కనుంచి కాయిన్ చదును భాగం మీదకి తెగకుండా సాగాలి. ఎక్కడన్నా గీకినా, మెటల్ కలిపినా ఆ మెరుపు అక్కడ చచ్చిపోతుంది. ఇందులో చావలా. అంకె ఆకారాన్ని వేలాల్లో అమ్మిన 1958 ఫోటోలతో పోల్చా, కలిసింది. తర్వాత గ్రేడింగ్ కి పంపాం, అసలుదే, అన్‌సర్క్యులేటెడ్, అంటే చేతులు మారి అరగనిది అని వచ్చింది.

అయితే 101 అన్నంత మాత్రాన ఆకాశంలోకి పోదు, ఇది చాలామందికి అర్థం కాదు. కొట్టినవి తక్కువే, కానీ వెతికేవాళ్ళు కూడా తక్కువే. 100 సోలెస్ లో ప్రతి ఏడాదీ కావాలనుకునేవాళ్ళు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు, ఒక్కోటి ఔన్సు పైన బంగారం, 21 ఏళ్ళ సెట్టు పూర్తి చెయ్యాలంటే మొదటి ఖాతాలోనే బోలెడు డబ్బు ఇరుక్కుపోతుంది. ఆ కొద్దిమందిలో ఇద్దరు ఒకే వేలంలో కలిస్తే రేటు లేస్తుంది, ఒక్కడే ఉంటే లేవదు. అందుకే నేను రాసిన అంచనా బంగారం విలువకి రెట్టింపు దగ్గర్లో. షాపులో వేస్తే ఆ రెండో సగం మొత్తం పోయేది, అది కొన్నవాడు 1962నీ 1958నీ ఒకే కవర్లో వేసి కరిగింపుకి పంపేవాడు.

నాకు పర్సనల్ గా ఈ పెట్టెలో నచ్చింది మాత్రం 1931 ఇన్కా. 1930, 31లో కొట్టారు, కేటలాగ్ లెక్క 5,584, 5,538. 1930 ఆగస్టులో ప్రెసిడెంట్ లెగియా ప్రభుత్వం పడిపోయింది, 31లో అమెరికా నుంచి కెమ్మరర్ అనే ప్రొఫెసర్ని పిలిపించి సెంట్రల్ బ్యాంకు కొత్తగా పెట్టుకున్నారు, మరుసటి ఏడాదికి గోల్డ్ స్టాండర్డే లేదు. ఆ గందరగోళంలో ఇంత అందమైన కాయిన్ ఎలా కొట్టారో. మళ్ళీ అదే డిజైన్ 1967లో 10,000, 68లో 300, 69లో 403. ప్రీమియం 31కి మరీ ఎక్కువేం ఉండదు, కానీ అమ్మాలంటే ఫోన్ చేసిన పది నిమిషాల్లో కొనేవాడు దొరుకుతాడు, అలా దొరకడం కూడా ఒక విలువే అని నేను లెక్కేస్తా.

లిబ్రాలు, కుంకుడుకాయలు

లిబ్రా అంటే పౌండు. బ్రిటిష్ సావరిన్ తో బరువూ ప్యూరిటీ సమానంగా ఉండేలా 1898లో మొదలుపెట్టారు, అంటే మన కాసు బరువే. ఒకప్పుడు పెరూలో నిజంగానే చేతులు మారింది, 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే బ్యాంకుల కాగితపు చెక్కులు నోట్లలాగా చలామణీలోకి వచ్చి బంగారం లోపలికి వెళ్ళిపోయింది. 1930 తర్వాత ఆగి, 1959 నుంచి 69 దాకా మళ్ళీ అదే డిజైన్ తో కొట్టారు, అవి పూర్తిగా దాచుకునే బంగారమే.

డాక్టర్ గారి భార్య వీటిని చూసి కాసులపేరులో వేయిద్దామన్నారు. 1966వి మూడూ వేయించుకోండమ్మా, నష్టమేం లేదు, వాటికి రెండో ఖాతా దాదాపు లేదు అని చెప్పా. 1898ది మాత్రం ముట్టుకోవద్దన్నా, అది మొదటి ఏడాది, పైగా బాగా ఉంది. ఒక్కసారి అతుకు పడిందంటే 1797 రాజుగారి గతే.

వాళ్ళమ్మగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారప్పుడు. "బాబూ, మాసిపోయినట్టున్నాయి, కుంకుడు రసంలో నానేసి బ్రష్ తో రుద్దితే తళతళలాడతాయి కదా" అన్నారు. నగలకైతే అమ్మమ్మల కాలం నుంచి అదే పద్ధతి, బాగా పనిచేస్తుంది. కాయిన్ కి బ్రష్ తగిలిందంటే వెంట్రుకంత గీతలు పడతాయి, లైటు కింద తిప్పితే గీతలన్నీ ఒకే దిక్కున కనపడతాయి, గ్రేడర్ క్లీన్ చేశారని రాసేస్తాడు. టూత్ పేస్ట్ అయితే ఇంకా ఘోరం. ఇవి అసలు మాసింది ఎందుకంటే ఆ పెద్దాయన మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టాడు, పీవీసీ అది, ఏళ్ళు గడిస్తే కరిగి ఆకుపచ్చ జిగురులా కాయిన్ కి పట్టుకుంటుంది. ప్యూర్ అసిటోన్ లో కాసేపు ఉంచి, రుద్దకుండా తీసి, ఆరబెట్టి, గట్టి ప్లాస్టిక్ క్యాప్సూళ్ళల్లో పెట్టాం. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడొద్దు, అందులో ఇంకా ఏవేవో కలుపుతారు. కిటికీలు తెరిచి చెయ్యండి, పొయ్యి దగ్గర వద్దు.

ఏం అమ్మాం, ఏం ఉంచాం

1962, 1964 వంద సోలెస్ రెండూ బంగారం రేటుకి అమ్మేశారు. 1797ది ఒక డీలర్ కి, బంగారం మీద ఏదో కొంచెం ఎక్కువకి. 1837 కాపీ కరిగింపుకి పోయింది, నా ఎదురుగానే. 1966 లిబ్రాలు కాసులపేరుకి. మిగిలినవి 1711, 1898, 1917, 1931, 1958. 1917ది నిజానికి అమ్మేయొచ్చు, ఆయన ఉంచుకుంటానన్నారు, వాళ్ళ తాతగారు పుట్టిన ఏడాదట, సరే.

1958ని ఉంచాలా వేలంలో పెట్టాలా అని కొంచెం చర్చ జరిగింది. నేను అమ్మమనే చెప్పా. కారణం, ఆయనకి 100 సోలెస్ డేట్ల సెట్టు చేసే ఉద్దేశం లేదు, ఆయనకి కావాల్సింది పెరూ చరిత్రలో ఒక్కో కాలానికి ఒక్కో కాయిన్, టైప్ సెట్ అంటాం, ఒక్కో టైపుకీ ఒక గది అనుకోండి. టైపుకి ఏ డేటైనా ఒకటే, చవక డేటుతో ఆ గది నింపేసి, ఖరీదైన డేటు డబ్బుని ఇంకో గదికి వాడుకోవచ్చు. లాటిన్ అమెరికా కాయిన్స్ వేలం జాగ్రత్తగా చూసుకుని పెట్టాం, అనుకున్న దానికి కొంచెం తక్కువే వచ్చింది, ఆ రోజు పట్టుదలగా పోటీపడ్డవాడు ఒక్కడే ఉన్నట్టున్నాడు. అయినా షాపు రేటుతో పోలిస్తే చాలా పైన. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, అమెరికాలో కాయిన్స్ కలెక్టిబుల్స్ కింద వస్తాయి, ఏడాది దాటి ఉంచుకుని అమ్మినా లాభం మీద ఫెడరల్ ట్యాక్స్ 28 శాతం దాకా పడొచ్చు, స్టాకుల రేటు కాదు. వేలం బిల్లు, నా రిపోర్టు, గ్రేడింగ్ ఫీజు రసీదు అన్నీ ఒక ఫైల్లో పెట్టమన్నా.

ఇంకో ప్రశ్న అడిగారు, ఇవి హైదరాబాద్ తీసుకెళ్ళి లాకర్లో పెట్టొచ్చా అని. వద్దన్నా. నగలకి ఉండే డ్యూటీ ఫ్రీ అలవెన్స్ కాయిన్స్ కి లేదు, డిక్లేర్ చేసి డ్యూటీ కట్టాలి. పైగా వందేళ్ళు దాటిన కాయిన్ ఇండియాలో అడుగుపెడితే 1972 పురావస్తు చట్టం కిందకి వస్తుంది, మళ్ళీ బయటికి తెచ్చుకోవాలంటే కుదరదు, 1711నీ 1898నీ అక్కడ పెట్టి ఇక్కడ వేలంలో అమ్ముతానంటే జరిగే పని కాదు. అలాగే కొత్తవి కొనేటప్పుడు పెరూ వెళ్ళి అక్కడ నేరుగా కొనుక్కొచ్చేద్దాం అనే ఆలోచన కూడా మానుకోమన్నా, వాళ్ళకీ పాత కాయిన్స్ మీద వారసత్వ సంపద చట్టం ఉంది. లీమా వెళ్తే హునిన్ వీధిలో ఉన్న నాణేల మ్యూజియం చూసి రండి, కళ్ళకి మంచి ట్రైనింగ్, కొనడం మాత్రం అమెరికాలో, యూరప్ లో పాత కలెక్షన్ల నుంచి, పేపర్లతో.

ఇప్పుడు లిస్టులో ఉన్నవి మూడు గదులు. ఒకటి రిపబ్లిక్ తొలినాళ్ళ 8 ఎస్కూడోలు, నిలబడ్డ స్వేచ్ఛాదేవి, చేతిలో కర్ర మీద టోపీ, వెనక పక్క వికూన్యా జంతువు, సింకోనా చెట్టు ఉన్న డాలు. రెండోది అసలైన దక్షిణ పెరూ, ఈసారి నీళ్ళ గ్లాసు రిజల్ట్ వచ్చాకే డబ్బు. మూడోది 1863 నాటి 20 సోలెస్, పెరూ దశాంశ పద్ధతికి మారినప్పుడు ఆ ఒక్క ఏడాదే కొట్టిన టైపు, 32 గ్రాముల పైన ఉంటుంది. మొన్న ఒకటి వేలానికి వచ్చింది. ఫోటోలో బానే ఉంది, దగ్గర నుంచి ఫోటో తీసి పంపమని అడిగితే అంచు మీద ఆకురాయి గుర్తులు కనపడ్డాయి, డాక్టర్ గారే ముందు పట్టుకున్నారు. వదిలేశాం.